కిడ్నీలు కింద, కళ్ళు పైన

మనిషిని తయారుచేసినవాడు ఎవరో గాని, ఆయనకు ఆఫీసు అనుభవం బొత్తిగా లేదని తెలిసిపోతూనే ఉంది. ఉండి ఉంటే కళ్ళనూ కిడ్నీలనూ తీసుకొచ్చి ఒకే మనిషిలో పెట్టేవాడు కాదు. పెట్టినా రెంటి మధ్యా ఒక గోడ, ఒక గుమాస్తా, భోజనాల వేళకు మూసే ఒక కిటికీ ఏర్పాటు చేసి ఉండేవాడు. అవేవీ లేకపోవడం వల్ల ఒకచోట పుట్టిన జబ్బు ఎవరి సంతకమూ లేకుండా రెండోచోటికి వెళ్ళిపోతోంది. చక్కెర జబ్బునే తీసుకోండి. కిడ్నీల్లోని సన్నటి రక్తనాళాలను కొరికిన నోటితోనే కంటి వెనకాల ఉన్నవాటినీ కొరుకుతుంది. తన పరిధి ఎంతవరకో దానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

సృష్టిలోని ఈ లోపాన్ని పెద్దాసుపత్రి వాళ్ళు తమకు చేతనైనంతలో సరిదిద్దారు. కిడ్నీలను కింది అంతస్తులో పెట్టారు. కళ్ళను పై అంతస్తులో పెట్టారు. కింది డాక్టర్లు పైకి ఎక్కరు, పై డాక్టర్లు కిందికి దిగరు. (గేటు దగ్గర ఎదురుపడితే నమస్కారాలు పెట్టుకుంటారు. మర్యాద మర్యాదే.) రెండూ చెడిన మనిషి ఏ అంతస్తుకు చెందుతాడో నిబంధనల్లో రాయలేదు. బహుశా లిఫ్టుకు చెందుతాడు. లిఫ్టు పనిచేయదు.

అలా లిఫ్టుకు చెందినవాళ్ళలో పెయింటరు ఒకడు. వృత్తి బోర్డులు రాయడం. ఊళ్ళో దుకాణాల నెత్తిన కనబడే అక్షరాల్లో సగం ఆయన చేతివే. ఆసుపత్రిలోనైతే అన్నీ ఆయనవే. ‘నిశ్శబ్దం’ ఆయనదే, ‘ఇక్కడ ఉమ్మరాదు’ ఆయనదే, ‘డాక్టరు గారు రౌండ్స్‌లో ఉన్నారు’ ఆయనదే. (చివరిదాన్ని మాత్రం ఎండకూ వానకూ చెదరని రంగుతో రాయమని ప్రత్యేకంగా చెప్పారు.) ముప్పై ఏళ్ళు నిచ్చెన మీద నిలబడి బతికిన మనిషి. తర్వాత చక్కెర వచ్చింది, చక్కెర వెనకాలే బీపీ వచ్చింది, ఇద్దరూ కలిసి కిడ్నీలను పట్టుకుపోయారు. అప్పటినుంచి రోజు విడిచి రోజు వచ్చి, చేతికి రెండు సూదులు గుచ్చించుకుని, నాలుగేసి గంటలు ఒంట్లో నెత్తురంతా యంత్రంలోకి పంపి, కడిగించి, తిరిగి పుచ్చుకుంటున్నాడు. డయాలసిస్ లేని రోజున, ఓపిక ఉంటే, ఇంటి వరండాలో కూర్చుని చిన్నచిన్న బోర్డులు రాస్తాడు. ఆ పని లేకపోతే తనకు రోగిష్టి అన్న పేరు తప్ప ఇంకో పేరు మిగలదని ఆయన భయం.

ఈ డయాలసిస్ హాలుకు ఒక చరిత్ర ఉంది. పూర్వం అది కళ్ళ విభాగం. అక్కడి గోడమీద కంటి పరీక్ష అక్షరాలు ఉండేవి: పైన ఒకే ఒక్క పెద్ద ‘ఠ’, దాని కింద ‘ర గ’, ఆ కింద మూడు, ఆ కింద నాలుగు, పోనుపోను సన్నబడుతూ. అవి కూడా పెయింటరు రాసినవే. కళ్ళను పైకి తరలించినప్పుడు పై గదికి రేకు మీద ఇంకో బోర్డు రాయమన్నారు. అక్షరం పొల్లు పోకుండా పాతదానిలాగే ఉండాలన్నారు, అలాగే రాశాడు. మరి గోడమీది పాత అక్షరాలను చెరిపారా అంటే లేదు. గోడ కిడ్నీ విభాగానిది, అక్షరాలు కళ్ళ విభాగానివి. కళ్ళ విభాగం అనుమతి లేనిదే అక్షరాలను ముట్టుకోకూడదు, కిడ్నీ విభాగం అనుమతి లేనిదే గోడను ముట్టుకోకూడదు. ఉత్తరాలు నడుస్తున్నాయి.

ఫలితంగా ఆ హాల్లో పడుకున్నవాళ్ళకు నాలుగు గంటలపాటు చూడటానికి ఆ అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండవు. టీవీ ఒకటుంది గాని దాని రిమోటు ఎవరో రిటైరవుతూ పట్టుకుపోయారు. అందువల్ల హాల్లో ఉన్న ప్రతి రోగికీ ‘ఠ’ మొదలుకుని అడుగు వరుస దాకా కంఠతా వచ్చేసింది. పక్క మంచం మీద ఉండే రిటైర్డ్ పోస్ట్‌మన్, అందరికీ పోస్టు మామయ్య, దానికి రాగం కూడా కట్టాడు. యంత్రం నీరు లాగి కాళ్ళు పట్టేసినప్పుడు ఆ రాగం తీస్తే నొప్పి కాస్త మరుగున పడుతుందని ఆయన అనుభవం.

ఒకనాడు వరండాలో కూర్చుని ఒక మందుల దుకాణం బోర్డు రాస్తుండగా పెయింటరు కుడి కంట్లో నల్లటి దారం ఒకటి వేలాడింది. వెంట్రుక అనుకుని తుడిచాడు. పోలేదు. నాలుగు రోజుల్లో దారాలు పొగ అయ్యాయి. మరుసటి డయాలసిస్ నాడు సూదులు పెడుతున్న సిస్టరమ్మతో, ఏదో మాటవరసకన్నట్టు, ఆ సంగతి చెప్పాడు.

సిస్టరమ్మ చేతిలో పని ఆపింది. “బాబాయ్, అది తేలిగ్గా తీసుకునేది కాదు. షుగరున్నవాళ్ళకి కంటి వెనకాల నెత్తురు కారుతుంది. ఇక్కడేమో నెత్తురు గడ్డకట్టకుండా మందు ఎక్కిస్తాం. లేజరు కొడితే ఆగుతుంది, కానీ తొందరగా కొట్టాలి. డాక్టరుగారొస్తే చెప్పు.”

కిడ్నీ డాక్టరు గారు వచ్చారు. పెయింటరు చెప్పింది శ్రద్ధగా విన్నారు. “కళ్ళు పైన,” అన్నారు. పాపం, వేలు పెట్టి కూడా చూపించారు.

పెయింటరు పైకి ఎక్కాడు. డయాలసిస్ అయిన ఒంటితో మెట్లెక్కడం అంటే ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది, మధ్యలో రెండు చోట్ల కూలబడ్డాడు. పైన కిటికీలో ఉన్నాయన చేతికున్న పట్టీ చూసి, “డయాలసిసా? అయితే మామూలు క్యూలోకి రాకూడదండీ. మీకు ప్రత్యేక పథకం ఉంది,” అన్నాడు. అన్నప్పుడు ఆయన గొంతులో కాస్త అసూయ కూడా పలికింది.

పథకం ఉన్న మాట నిజమే. దాని పేరు ‘డయాలసిస్ రోగుల సమగ్ర నేత్ర రక్షణ పథకం’. సర్వేంద్రియాణాం నయనం ప్రధానం అన్న మాట సూపరింటెండెంటు గారు ఏదో సన్మాన సభలో విని, ఉండబట్టలేక ప్రవేశపెట్టినది. ఆరు నెలలకొకసారి డయాలసిస్ రోగులందరినీ పై అంతస్తుకు నడిపించి, దృష్టి ధ్రువీకరణాధికారి అనే ఆయన ముందు నిలబెట్టి బోర్డు చదివిస్తారు. చదవలేనివాళ్ళను లోపలి గదికి పంపుతారు. అక్కడ కళ్ళ డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేసి, దీపం పెట్టి, వెనకాల ఏం కారుతోందో చూస్తుంది. చదివినవాళ్ళు ఇంటికి వెళ్ళిపోవచ్చు. బోర్డు చదివినవాడి కంటి వెనకాల నెత్తురు కారుతూ ఉండవచ్చు కదా అని ఎవరూ అడగలేదు. అడగడానికి ఫారంలో కాలమ్ లేదు.

ఇంతవరకే అయితే ఫరవాలేదు. బోర్డు చదవలేనివాళ్ళ కోసం కింద ఇంకో నిబంధన కాచుకుని ఉంది. ఎప్పుడో చూపు ఆనని రోగి ఒకడు నడుస్తూ వెళ్ళి డయాలసిస్ యంత్రానికి గుద్దుకున్నాడు. యంత్రానికి గీత పడింది, దాని మీద విచారణ జరిగింది. (రోగికి నుదురు పగిలింది. అది విచారణ పరిధిలోకి రాలేదు.) అప్పటినుంచి చూపు తక్కువని రికార్డయిన రోగి ఇంటి మనిషి తోడు లేకుండా హాల్లో అడుగు పెట్టకూడదు, తోడు వచ్చినవాళ్ళు నాలుగు గంటలూ కదలకూడదు. పెయింటరు ఇంట్లో ఉన్న మనిషల్లా భార్య ఒక్కతే. ఆవిడ బట్టల కంపెనీలో చొక్కాలకు బొత్తాలు కుట్టే పనిలో ఉంది. రోజు విడిచి రోజు మానేస్తే రెండో వారంలో ఆ కుర్చీలో ఇంకో ఆవిడ కూర్చుంటుంది. డయాలసిస్ మానేస్తే మూడో వారంలో పెయింటరు ఉండడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. హాల్లో అందరి ఇళ్ళలోనూ ఏదో ఒక కుర్చీ ఉంది కాబట్టి, ఈ విషయంలో అందరిదీ ఒకటే అభిప్రాయం.

పథకం రోజు రానే వచ్చింది. అప్పటికి పెయింటరు కుడి కంట్లో వెలుతురు తప్ప ఏమీ లేదు. ఎడమ కంట్లో కూడా ఒకటి రెండు దారాలు దిగాయి. మెట్లు ఎక్కుతూ పోస్టు మామయ్యతో నెమ్మదిగా అన్నాడు.

“మావయ్యా, చెప్పేద్దామనుకుంటున్నా. కనబడట్లేదని.”

“చెప్పు. నీకు తోడెవరొస్తారు?”

పెయింటరు గోడ పట్టుకుని ఇంకో మెట్టు ఎక్కాడు.

“మా కోడలు ఉద్యోగం మానేసి కూచోలేదు నాయనా. నాకూ మసగ్గానే ఉంది. కింద అక్షరాలు ఏనాడో పోయాయి. నేను మాత్రం పాడేస్తా.”

ధ్రువీకరణాధికారి పెయింటరు ఎడమ కంటికి అట్టముక్క అడ్డం పెట్టి, “చదవండి,” అన్నాడు. పెయింటరు ముందు పొగ ఉంది. ఆ పొగలో ఎక్కడో తను రాసిన బోర్డు ఉంది. తోడు సంగతి సరే, ఇంకో సంగతి ఆయన గుండెల్లో అడ్డుపడింది. ‘ఠ’కు ఆ గుండ్రం తిప్పడానికి తను ఎంత ఊపిరి బిగబట్టాడో ఆయనకు గుర్తుంది. తన చేత్తో రాసిన అక్షరం తనకే కనబడలేదని పరాయివాడి ముందు ఎలా ఒప్పుకుంటాడు? సిగ్గేసింది. ఆ సిగ్గులోనే మొదలుపెట్టాడు. ‘ఠ’ చదివాడు, ‘ర గ’ చదివాడు, వరుస వెంబడి వరుస దిగిపోయాడు. బోర్డు ఎడమ పక్కన ఉంటే ఆయన కుడి పక్కనున్న కిటికీ వైపు తిరిగి చదివాడు. (అధికారి తల వంచుకుని రాసుకుంటున్నాడు. ఆ పరీక్షలో చూడవలసిన బాధ్యత రోగిది మాత్రమే.) ఊపు మీద ఉన్నాడేమో, అడుగు వరుస అయిపోయాక కూడా ఆగలేక, దాని కింద చీమ తలకాయంత సైజులో అప్పట్లో తను రాసుకున్న ఫోన్ నంబరు కూడా చదివేశాడు.

అధికారి తలెత్తాడు. “అదెక్కడుందండీ?”

“అడుగునుందండి. ఎడమ మూల.”

అధికారి లేచి, కళ్ళజోడు పెట్టుకుని, బోర్డుకు ముక్కు ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. “నిజమే. ఏదో ఉంది,” అన్నాడు. వచ్చి కూర్చుని, ఆరుకి ఆరు అని రాయబోయి, ఇంత చూపుకు అది అన్యాయమనిపించి, పక్కన ‘అసాధారణం’ అని చేర్చాడు.

ఆ రోజు డయాలసిస్ రోగుల్లో ఒక్కరూ తప్పలేదు. ఈ ఫలితం సూపరింటెండెంటు గారి బల్ల మీదికి చేరేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఊళ్ళో కళ్ళజోడు లేని మనిషి కనబడటమే కష్టంగా ఉన్న రోజుల్లో, ఒక హాలు నిండా మనుషులు, అందులోనూ షుగరూ బీపీ కిడ్నీ జబ్బూ మూడూ ఉన్నవాళ్ళు, నూటికి నూరుగురు ఆరుకి ఆరు. దీనికి కారణం ఏమై ఉంటుందని ఆలోచించారు. డయాలసిస్ నెత్తురును శుభ్రం చేస్తుంది. శుభ్రమైన నెత్తురు కంటికి వెళుతుంది. శుభ్రమైన కన్ను బాగా చూస్తుంది. ఇంత తేలికైన విషయం ఇన్నాళ్ళూ వైద్యశాస్త్రానికి తట్టకపోవడం ఆయన్ను కాస్త నొప్పించింది కూడా. నివేదిక పంపారు. శాలువా వచ్చింది. చుట్టుపక్కల ఆసుపత్రుల నుంచి బృందాలు వచ్చి, మంచాల మధ్య చేతులు కట్టుకుని నడిచి, రోగుల కళ్ళలోకి గౌరవంగా చూసి వెళ్ళాయి. పై అంతస్తులో శుక్లాలతో ఉన్నవాళ్ళకు కూడా కొన్నాళ్ళు డయాలసిస్ చేయించి చూస్తే ఎలా ఉంటుందన్న ప్రతిపాదన పరిశీలనలో ఉంది. డయాలసిస్ రోగుల కోసమని లేజరు గదిలో వారానికి ఒక పూట కేటాయించి ఉండేది. ఇంత మంచి కళ్ళకు ఆ పూట దండగని దాన్ని శాలువాలూ పూలదండలూ దాచుకోవడానికి ఇచ్చేశారు.

నాటకం ఇంట్లో బయటపడింది. మందుల దుకాణం వాళ్ళు వచ్చి బోర్డు తిప్పి ఇచ్చేశారు. పెయింటరు దాని మీద అక్షరాలు బాగానే రాశాడు గాని చివరి రెండూ బోర్డు దాటి వరండా గచ్చు మీద పడ్డాయి. దుకాణం వాళ్ళు వెళ్ళాక ఆయన భార్య గచ్చు మీదున్న రెండక్షరాలకేసీ మొగుడికేసీ మార్చిమార్చి చూసింది.

“ఏవండీ, ఇలా చూడండి. నేను ఏ రంగు చీర కట్టుకున్నాను?”

“అదే... నీ చీర.”

“నా చీరేనండీ, పక్కింటావిడది కట్టుకోలేదు. రంగు చెప్పండి.”

ఆయన చెయ్యి చాపి చీర కొంగు కోసం తడిమాడు. ఆవిడ వచ్చి పక్కన కూలబడింది.

“పైన బోర్డు చదివారన్నారు కదా. చూసి చదివారా, గుర్తుంచుకుని చదివారా?”

“నేను రాసిందేగా,” అన్నాడు పెయింటరు. “కనబడలేదంటే నీ పని పోతుంది. అదీగాక నా అక్షరం నాకే ఆనలేదని ఎలా చెప్పనే?”

“పని పోతే ఇంకో పని చూసుకుంటాను. బొత్తాలు కుట్టేవాళ్ళకి కరువా? మీ కళ్ళు పోతే ఎక్కడ కుట్టించుకురమ్మంటారు?” ఆవిడకు కోపంలోంచి ఏడుపొచ్చింది. “పదండి రేపు. కుండ బద్దలు కొట్టినట్టు చెప్పండి. లేకపోతే నేను చెబుతాను.”

మర్నాడు కంపెనీకి సెలవు చెప్పి ఆవిడే ఆయన్ను మెట్లెక్కించింది. ధ్రువీకరణాధికారి ఇద్దరినీ ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. శాలువా వచ్చిన దగ్గర్నుంచి డయాలసిస్ వాళ్ళంటే ఆయనకు ప్రత్యేకమైన అభిమానం.

“నాకు కనబడట్లేదండి,” అన్నాడు పెయింటరు. ఆ మాట అనడానికి ఆయన మెట్ల మీద కన్నా ఎక్కువ ఆయాసపడ్డాడు.

అధికారి రికార్డు తిరగేశాడు. “మీకు అసాధారణం అని ఉందండీ.”

“అబద్ధం చదివానండి.”

“తప్పులేవీ లేవే. అన్నీ కరెక్టుగా చదివారు. అబద్ధమైతే తప్పులుండాలి కదా.”

“బోర్డు కంఠతా వచ్చండీ ఆయనకి,” అంది భార్య. “కిందున్న వాళ్ళందరికీ వచ్చు. వేరే అక్షరాలు రాయించి చదివించండి, మీకే తెలుస్తుంది.”

ఆవిడ అన్నది న్యాయంగానే ఉందని అధికారి ఒప్పుకున్నాడు. చెడ్డవాడు కాడు. ఆయనే స్వయంగా ఫైలు పట్టుకుని తిరిగాడు, అందరూ సంతకాలు పెట్టారు. కొత్త బోర్డు రాయించవలసింది, దాని మీది అక్షరాలు ఏ డయాలసిస్ రోగికీ ముందుగా తెలియకుండా గోప్యంగా ఉంచవలసింది అని ఉత్తర్వు అయింది. ఇక రాసేదెవరు? ఆసుపత్రి ఆమోదించిన పెయింటరు ఒక్కడే ఉన్నాడు. ఆయన డయాలసిస్ రోగి.

ఇలాంటిచోట మామూలు మనిషైతే తల పట్టుకుంటాడు. ఆఫీసులో ఉన్నవాళ్ళు పట్టుకోలేదు. సదరు పెయింటరు బోర్డు రాయవచ్చును గాని రాసేటప్పుడు చూడరాదు అని ఒక వాక్యం చేర్చారు. ఏ అక్షరాలు రాయాలో ఒక కవరులో పెట్టి, సీలు వేసి ఇచ్చారు. కవరు తెరవరాదు. ఇంటివాళ్ళు సాయం చేయరాదు. ఇందులో ఏది తప్పినా పునఃపరీక్ష రద్దు.

“ఇదేం పని అండీ,” అంది భార్య కవరు అటూ ఇటూ తిప్పి. “చించి చూసేద్దాం. ఎవరికి తెలుస్తుంది?”

“వద్దు. రద్దన్నారు. ఒకసారి దొంగచదువు చదివినందుకే ఇంత దూరం వచ్చింది.” పెయింటరు రేకును గోడకు ఆనించుకున్నాడు. “చూడొద్దన్నారు, తెరవొద్దన్నారు. రాయొద్దనలేదుగా.”

ఎడమ కంటికి ఇంకా కాస్త కనబడుతోంది కాబట్టి నిబంధన ప్రకారం దానికి గుడ్డ కట్టుకున్నాడు. కుడి కన్ను నిబంధనను తనంతట తానే పాటించింది. భార్య సాయం చేయకూడదు కనుక వీపు తిప్పి కూర్చుంది. కుంచె రేకు మీద నడుస్తున్న చప్పుడు వింటూ ఉంది. ముప్పై ఏళ్ళుగా విన్న చప్పుడే, తడబాటు లేదు, ఆగి ఆగి చక్కగా సాగుతోంది. అందుకే ఆవిడకు మరీ దుఃఖం వచ్చింది.

“లైను వంకర పోయిందా?” అని అడిగాడు.

“నేను చూడకూడదుగా,” అంది ఆవిడ. మెడ తిప్పి చూస్తూనే ఉంది. రెండో వరుస ఎక్కి వచ్చి మొదటి వరుస మీద కూర్చుంది. మూడోది నాలుగోదాన్ని దాటుకుని మూలకు పోయింది. అన్నిటి మీదా అడ్డంగా ఇంకేదో పడింది. “బాగానే ఉంది,” అంది.

కొత్త బోర్డు మీద పెయింటరు ఒక్కడికే పరీక్ష పెడితే పక్షపాతం అవుతుందని, సమానత్వం దృష్ట్యా డయాలసిస్ రోగులందరినీ మళ్ళీ మెట్లెక్కించారు. ధ్రువీకరణాధికారి బోర్డు మీది ముసుగు తీశాడు. చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. అందులో ఒక్క అక్షరం కూడా ఆయనకు కొరుకుడు పడలేదు. ఆ మాట పైకి అనడం ఎలా? పదేళ్ళుగా ఊరందరి చూపునూ ధ్రువీకరిస్తున్నవాడు తనకు ఆనడం లేదంటే రేపు ఆయన వెంట ఎవరు తోడు రావాలి? పక్క గది నుంచి గుమాస్తాను పిలిచి, “ఎలా ఉంది?” అన్నాడు. గుమాస్తా ఆయన ముఖం చూసి, “చాలా స్పష్టంగా ఉందండి,” అన్నాడు. అలా బోర్డు ఆమోదం పొందింది.

మొదట పోస్టు మామయ్యను నిలబెట్టారు. ఆయన అలవాటుగా రాగం అందుకోబోయాడు. మొగుడికి తోడొచ్చి పక్కనే నిలబడ్డ పెయింటరు భార్య, “బాబాయ్ గారూ, మీ ఇష్టం. ఈసారి అక్షరాలు వేరే,” అంది. మామయ్య నోరు మూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. “నాకేం తెలియట్లేదండి,” అన్నాడు. అధికారికి ఉద్యోగంలో మొదటిసారి ఒక రోగి మాట మనస్ఫూర్తిగా నిజమనిపించింది. లోపలికి పంపాడు. ఆ తర్వాతివాళ్ళనూ పంపాడు. సాయంత్రానికి హాలు హాలంతా లోపలి గది ముందు బల్లల మీద కంట్లో చుక్కలతో తలలు వెనక్కి వాల్చి కూర్చుని ఉంది.

లోపల కళ్ళ డాక్టరమ్మ ఒక్కొక్కరినే చూస్తూ పోయింది. కొందరికి కళ్ళు పొడిబారి ఎర్రబడి ఉన్నాయి, అంతే. కొందరి కంటి వెనకాల వాపు ఉంది. పోస్టు మామయ్యకు అప్పుడప్పుడే కారడం మొదలైంది. లేజరు గదిలో పూలదండలు బయట పడేయించి ఆయన్ను అప్పటికప్పుడే కూర్చోబెట్టింది. చేతులు కడుక్కుంటూ, “ఇంతమంది ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ మీరు?” అని అడిగింది.

“కిందే ఉన్నామమ్మా,” అన్నాడు మామయ్య.

పెయింటరు దగ్గర ఆవిడ ఎక్కువసేపు ఆగింది. కుడి కన్ను చూసింది, మళ్ళీ చూసింది. దీపం ఆర్పేసి, ఆయనతో కాకుండా భార్యతో మాట్లాడింది. ఎడమ కన్ను దక్కుతుందట, లేజరు కొడదామంది. కుడి కంట్లో నెత్తురు గడ్డకట్టి, వెనకాల పొరను లాగేసింది. ఇక రాదు.

“అప్పుడే వచ్చి ఉంటేనండీ?” అంది భార్య. “పోయినసారి బోర్డు చదివినప్పుడు?”

“అప్పుడైతే ఆపగలిగేదాన్నమ్మా,” అంది డాక్టరమ్మ.

పెయింటరు ఆ మాట విన్నాడు. భార్య చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. కోపం రావలసిన చోట ఆయనకు కోపం రాలేదు. నిచ్చెన మీంచి ఎవరో కిందికి దిగిపొమ్మన్నట్టు అనిపించింది. చాలా బాధ కలిగింది.

ఆసుపత్రి మాత్రం చెయ్యవలసినవన్నీ చేసింది. నూటికి నూరు ఉన్న చూపు ఒక్క పూటలో సున్నాకు పడిపోయినందుకు విచారణ జరిపి, తప్పు బోర్డుదని తేల్చింది. నాసిరకం పని చేసినందుకు పెయింటరును ఆమోదిత జాబితా నుంచి తొలగించింది. పాత బోర్డును మళ్ళీ గోడకు తగిలించింది. అందరికీ తోడు కావాలంటే హాల్లో నిలబడే చోటు కూడా చాలదు కాబట్టి తోడు నిబంధనను తాత్కాలికంగా పక్కన పెట్టింది. భార్య కుర్చీ భార్యకు మిగిలింది.

నేత్ర రక్షణ పథకం పెయింటరును కూడా మరచిపోలేదు. తరువాతి డయాలసిస్ నాడు కబురొస్తే, సిస్టరమ్మ చదివి ఆయనకు చెప్పింది. రక్షించవలసిన కన్ను ఒక్కటే మిగిలింది కనుక, ఇకమీదట ఆయన ఆరు నెలలకు కాకుండా ఏడాదికొకసారి వస్తే సరిపోతుందట.